బృందాల యానిమేషన్ సిరీస్‌లలో కామిక్స్ పాఠకుడికి తృప్తినిచ్చేది ఏది?

బాలాజీ కాలనీ పాఠకుడు (తిరుపతి) – ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. కామిక్స్ చదివేవాళ్ళం ఏడెనిమిది మందిమి నెలకొక ఆదివారం తిరుపతి బాలాజీ కాలనీలో ఒక మిత్రుడి ఇంటి మేడగదిలో కలుసుకుంటూ ఉంటాము. వచ్చే నెల నుంచి, కామిక్స్ ఆధారంగా వచ్చిన యానిమేషన్ సిరీస్‌లలోని ఒక్కొక్క కథను చూసి, దాని మూలాన్ని పక్కన పెట్టుకొని మాట్లాడుకోవాలని నిర్ణయించుకున్నాము. ఒంటరి వీరుల కథలను తరువాతకు ఉంచి బృందాల కథలతోనే మొదలుపెడుతున్నాము; ఎందుకంటే మా చర్చలలో అసంతృప్తి ఎక్కువగా వినిపించేది వాటి గురించే.

నా సందేహం ఇది. కొన్ని సిరీస్‌లలో దుస్తుల రంగులు, ఆయుధాలు, ప్రతినాయకుల పేర్లు, చివరికి వీరులు నిలబడే తీరు కూడా కామిక్స్ ముఖచిత్రాల నుంచి దించినట్టే ఉంటాయి. అయినా ఎపిసోడ్ అయిపోయాక మనసులో ఏమీ మిగలదు. మరికొన్ని మూలాన్ని ధైర్యంగా మార్చివేస్తాయి, అయినా మనల్ని కదలనివ్వవు. 2001లో మొదలైన జస్టిస్ లీగ్ అనే బృందం సిరీస్ విషయంలో నాకు ఇదే అనుభవమైంది. 1960లో కామిక్స్‌లో తొలిసారి కనిపించిన ఆ బృందంలో ఆక్వామ్యాన్ ఉన్నాడు, గ్రీన్ ల్యాంటర్న్ అనే వీరుడిగా ఉన్నది హాల్ జోర్డన్. సిరీస్ రూపకర్తలు ఆక్వామ్యాన్‌కు బదులు హాక్‌గర్ల్‌ను, హాల్ జోర్డన్‌కు బదులు జాన్ స్టూవర్ట్‌ను తీసుకున్నారు. కాలేజీ రోజులలో మొదటి ఎపిసోడ్ చూసినప్పుడు నాకు నిజంగానే కోపం వచ్చింది. రెండవ సీజన్ చివరకు వచ్చేసరికి మాత్రం ఆ ఇద్దరూ లేని లీగ్‌ను ఊహించుకోలేకపోయాను. మధ్యలో నన్ను మార్చినది ఏమిటో ఇన్నేళ్ళైనా స్పష్టంగా చెప్పలేకపోతున్నాను. కామిక్స్ చదివినవాడికి ఒక బృందం సిరీస్ ఎప్పుడు తృప్తినిస్తుంది? ఏ కథతో మొదలుపెడితే ఈ ప్రశ్న మా గదిలో బాగా తెరుచుకుంటుంది? పెద్దలు, మిత్రులు తీరికగా రాయగలరని కోరుతున్నాను.

కట్టమంచి టీచర్ (చిత్తూరు)

నమస్కారం. నేను తెలుగు ఉపాధ్యాయురాలిని. చందమామలోని ధారావాహికల కోసం నెల నెలా ఎదురుచూసి పెరిగినదానిని, మా అబ్బాయి తెచ్చిన పుస్తకాల వల్ల పెద్దయ్యాక కామిక్స్‌లోకి వచ్చినదానిని. మీరు చెప్పలేకపోతున్నది నా దృష్టిలో ఒక్క మాట: జ్ఞాపకం. కామిక్స్ పాఠకుడు ఎప్పుడో పదేళ్ళ కిందటి సంచికలో జరిగిన అవమానాన్ని గుర్తుపెట్టుకొని ఈ నెల సంచిక తెరుస్తాడు. ఇద్దరు వీరులు ఒక గదిలో మౌనంగా నిలబడి ఉంటే, ఆ మౌనం వెనక ఉన్న పాత గొడవ అతనికి తెలుసు. సిరీస్‌కు కూడా అటువంటి జ్ఞాపకం ఉన్నప్పుడే అతనికి అది తన ఇల్లులా అనిపిస్తుంది. ప్రతి ఎపిసోడ్‌తో పలక తుడిచి మళ్ళీ రాసే సిరీస్ ఎంత అందంగా ఉన్నా అతనికి పరాయిదిగానే ఉంటుంది.

మీరు హాక్‌గర్ల్ పేరు ఎత్తారు కాబట్టి ఆమెనే తీసుకుందాము. రెండు సీజన్ల పాటు ఆమె బృందంలో అందరికంటే ముందు గద ఎత్తే మనిషి. జాన్ స్టూవర్ట్‌తో ఆమె అనుబంధం ఒక్క సన్నివేశంలో పుట్టింది కాదు, చిన్న చిన్న వాదనలలో, ఒకరినొకరు కాపాడుకున్న యుద్ధాలలో మెల్లగా అల్లుకున్నది. అటు తరువాత మూడు భాగాల స్టార్‌క్రాస్డ్ కథలో, ఆమె తనగార్ గ్రహం వారు భూమి మీదకు ముందుగా పంపిన వేగు అని, ఆమెకు అక్కడ వరుడు నిశ్చయమై ఉన్నాడని, తన వాళ్ళు వేయబోయే అంతరిక్ష మార్గం వల్ల భూమే నాశనమవుతుందని తెలుస్తుంది. ఆ పథకాన్ని తెచ్చి లీగ్ చేతిలో పెట్టేదీ ఆమే. యుద్ధం ముగిశాక ఆమె బృందంలో ఉండాలా వద్దా అని మిగిలినవారు ఓటు వేస్తారు. ఆ ఫలితం వినకుండానే ఆమె తప్పుకొని వెళ్ళిపోతుంది. ఫలితం ఏమిటో మనకూ చెప్పరు. నేను ఆ ఎపిసోడ్ అయిపోయాక చాలాసేపు టీవీ కట్టేయలేదు.

ఇది మొదటి పది ఎపిసోడ్లలోనే జరిగి ఉంటే ఒక మలుపుగా మిగిలిపోయేది. అంతకు ముందు ఆమెతో కలిసి మనం గడిపిన కాలమే ఆ ద్రోహానికి బరువు ఇచ్చింది. మీకు ఆక్వామ్యాన్ లేకపోయినా లోటు అనిపించకపోవడానికి కారణం కూడా ఇదేనని నేను అనుకుంటున్నాను. పేరుకు బదులుగా వారు మీకు ఒక మనిషిని ఇచ్చారు, ఆ మనిషికి గతాన్ని మీ కళ్ళ ముందే పోగుచేశారు.

2010లో వచ్చిన అవెంజర్స్: ఎర్త్స్ మైటియెస్ట్ హీరోస్ కూడా ఇటువంటిదే. అందులో స్క్రల్ అనే, రూపం మార్చుకోగల గ్రహాంతర జాతివాడు ఒకడు కెప్టెన్ అమెరికా రూపంలో చాలా కాలం బృందంలో తిరుగుతాడు. అసలు కెప్టెన్ తిరిగి వచ్చి, భూమి మీద స్క్రల్‌ల దండయాత్ర ఓడిపోయాక కథ అక్కడితో చక్కబడిపోవచ్చు. కానీ ఆ మారువేషగాడు లోకం ముందు లొంగిపొమ్మని చెప్పిన మాటను జనం మరచిపోరు. తరువాతి ఎపిసోడ్‌లో నిజమైన కెప్టెన్ వీధిలో కనిపిస్తే ముఖం తిప్పుకుంటారు, నిందిస్తారు. తాను చేయని తప్పుకు అతను మోసే ఆ నింద, నాకు ఆ సిరీస్‌లోని పెద్ద యుద్ధాలన్నిటికంటే ఎక్కువగా గుర్తుండిపోయింది.

పుత్తూరు రాత్రిచూపరి (పుత్తూరు)

టీచర్ గారు చెప్పిన జ్ఞాపకం మాట నిజమే, కానీ మూలాన్ని ఎంతవరకు మార్చవచ్చు అన్న ప్రశ్న దానితో తీరదు. నా అభిప్రాయం కొంచెం కఠినంగా ఉంటుంది, మన్నించాలి.

మన జిల్లాలో ధర్మరాజుల గుళ్ళ దగ్గర జరిగే మహాభారత ఉత్సవాలు మీలో చాలామంది చూసే ఉంటారు. 18 రోజులు జరిగే చోట మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవారేదాకా వీధినాటకం. కూర్చున్న వేయిమందిలో కథ తెలియనివాడు ఒక్కడూ ఉండడు. నటుడు మధ్యలో మాటలు పెంచుతాడు, ఊరి సంగతులు కలుపుతాడు, పాటను సాగదీస్తాడు, ఎవరూ తప్పుపట్టరు. బకాసుర వధ నాడు భీముడిదే రోజు, అర్జున తపస్సు నాడు మాను ఎక్కే అర్జునుడిదే రోజు. వంతుల వారీగా ఒక్కొక్కరినీ ముందుకు తెచ్చే ఆ అమరిక ఏ బృందం సిరీస్‌కైనా పాఠం చెప్పగలదు. అజ్ఞాతవాసం కథ అయితే ఇంకా గొప్పది. భీముడు వంటవాడు, అర్జునుడు నాట్యం నేర్పే బృహన్నల, నకులుడు గుర్రాల దగ్గర, సహదేవుడు ఆవుల దగ్గర. బలాన్ని దాచుకోవలసి వచ్చినప్పుడే ఎవరు ఎటువంటివారో బయటపడుతుంది. కానీ ఆఖరి రోజు నేలమీద పరచిన ఆ పెద్ద మట్టి దుర్యోధనుడి వధ జరగకుండా ఉత్సవం ముగిస్తామంటే, అక్కడి నుంచి ఒక్కరు కూడా కదలరు. మార్చడానికి వీలైనవి వేరు, వీలు కానివి వేరు. చూసేవాళ్ళకు ఆ తేడా పుట్టుకతోనే తెలుసు.

1980లో కామిక్స్‌లో వచ్చిన ఎక్స్-మెన్ అనే బృందం వారి డార్క్ ఫీనిక్స్ కథను చూడండి. బృంద సభ్యురాలు జీన్ గ్రే తన శక్తి అదుపు తప్పి ఒక నక్షత్రాన్ని మింగుతుంది, దాని చుట్టూ తిరిగే లోకంలో 500 కోట్ల ప్రాణాలు పోతాయి. చివరకు చంద్రుడి మీద ఆమె తన ప్రాణాన్ని తానే తీసుకుంటుంది. రచయిత క్రిస్ క్లేర్‌మాంట్, చిత్రకారుడు జాన్ బర్న్ మొదట అనుకున్న ముగింపులో ఆమె శక్తులు పోగొట్టుకొని బతుకుతుంది. అంతమందిని చంపిన తరువాత శిక్ష లేకుండా పోవడం కుదరదని ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ పట్టుబట్టడంతో ముగింపు మారింది. అంటే ఆ మరణం కథకు లెక్క. 1992లో మొదలైన యానిమేషన్ సిరీస్ ఈ కథను నాలుగు భాగాలలో చాలా వరకు శ్రద్ధగానే చెప్పింది, కానీ ఆఖరున బృందంలోని వారందరూ తమ జీవశక్తిలో కొంత ఇవ్వగా జీన్ తిరిగి లేస్తుంది. పిల్లల కార్యక్రమం కాబట్టి అలా చేశారని అర్థం చేసుకోగలను. అయినా మూలం చదివిన నాకు అది దుర్యోధనుడు లేచి బట్టలు దులుపుకొని ఇంటికి వెళ్ళినట్టే అనిపించింది. జ్ఞాపకం అంత ముఖ్యమైతే, జరిగిన నష్టాన్ని గుర్తుంచుకోవడం కూడా అందులో భాగమే కదా.

పద్మావతిపురం స్టోరీబోర్డ్ (తిరుపతి)

నేను ఇంటి నుంచే స్టోరీబోర్డ్ పని, అంటే యానిమేషన్ సన్నివేశాలను ముందుగా వరుస బొమ్మలుగా గీసే పని, చేస్తాను. పుత్తూరు అన్న గారితో సగం ఏకీభవిస్తాను. మిగతా సగం మీద నా మాట వినండి.

జీన్ తిరిగి లేచే ఆ సన్నివేశాన్ని నేను మూడు నాలుగుసార్లు ఆపి ఆపి చూశాను. మూలంలో ఆమె మరణం ఆమె ఒక్కతి నిర్ణయం. ఆమెను ప్రేమించిన స్కాట్ చూస్తూ ఉండిపోతాడు. సిరీస్‌లో నిర్ణయం బృందానికి వచ్చింది. ఒక్కరి ప్రాణం పూర్తిగా ఇస్తే సరిపోయే చోట, అందరూ తలా కొంచెం ఇస్తారు. కథ అర్థం మారిందన్నది నిజం, ఖరీదు తగ్గిందన్నదీ నిజం. కానీ మార్చినవారు బృందం అంటే ఏమిటన్న ప్రశ్నకు తమ జవాబు చెప్పారు, ఊరికే భయపడి తుడిచివేయలేదు. దీనితో పోల్చడానికి 2003లో మొదలైన టీన్ టైటన్స్ నుంచి, బృందంలో చేరి దానికే ద్రోహం చేసిన టెర్రా కథను చూడండి. 1984లో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ రాసి గీసిన మూలంలో టెర్రా చివరిదాకా పశ్చాత్తాపం లేకుండా, ద్వేషంతోనే చనిపోతుంది. సిరీస్‌లో ఆమె నగరాన్ని కాపాడుతూ రాయిగా మారిపోతుంది. పూర్తిగా వేరే మనిషి అన్నమాట. అయినా కామిక్స్ చదివిన చాలామందికి అది నచ్చింది. ఎందుకంటే బృందంలో ఆమెను ఇష్టపడిన బీస్ట్ బాయ్ ఆ రాతి బొమ్మను మరచిపోడు, 2006లో వచ్చిన ఆఖరి ఎపిసోడ్ కూడా ఆమె కోసం అతని వెతుకులాట చుట్టూనే తిరుగుతుంది. మార్పుకు వాళ్ళు కట్టిన వెల అక్కడ కనిపిస్తుంది. అందుకే టీచర్ గారి మాటను ఇలా కాస్త పొడిగిస్తాను: మూలంలోని ఒక నష్టాన్ని తీసివేస్తే, దానికి సరితూగే మరో నష్టాన్ని సిరీస్ తన ఖాతాలో రాసుకోవాలి.

నా వృత్తి వైపు నుంచి ఒక సంగతి చెప్పాలి. బృందం ఉన్న చోట యుద్ధ సన్నివేశం గీయడం చాలా కష్టం. ఏడుగురు ఒకే చట్రంలో ఉంటే ప్రతి ఒక్కరూ తమ శక్తి చూపడానికి రెండు సెకన్లు వాడుకుంటారు, చివరకు చూసేవాడికి ఏదీ గుర్తుండదు. దాని నుంచి తప్పించుకోవడానికి చాలామంది పట్టుకునే అడ్డదారి, శత్రువు ఎంత బలవంతుడో చూపడానికి బృందంలోని అతి బలవంతుడిని ముందుగా పడగొట్టడం. జస్టిస్ లీగ్ మొదటి సీజన్‌లో సూపర్‌మ్యాన్‌కు ఇదే జరిగింది. ప్రతిసారీ అతనే ముందు గోడలోకి ఎగిరిపడటం చూసి అభిమానులు నొచ్చుకున్నారు, తరువాతి సీజన్‌లలో రూపకర్తలు దానిని సరిచేసుకున్నారు. కామిక్స్ చదివినవాడికి ఎవరి బలం ఎంతో మనసులో ఒక త్రాసు ఉంటుంది. కథ అవసరానికి ఆ త్రాసును వంచితే అతనికి వెంటనే తెలిసిపోతుంది.

అదే సిరీస్ ఈ పనిని అద్భుతంగా చేసిన చోటు కూడా ఒకటి ఉంది. 2005లో దాని కొనసాగింపైన జస్టిస్ లీగ్ అన్‌లిమిటెడ్‌లో వచ్చిన డివైడెడ్ వి ఫాల్ ఎపిసోడ్‌లో మిగిలినవారందరూ పడిపోయాక, అప్పటిదాకా అందరినీ నవ్విస్తూ తిరిగిన ఫ్లాష్ లేచి పరుగు మొదలుపెడతాడు. భూగోళాన్ని చుట్టి వచ్చి ఒక దెబ్బ, మళ్ళీ చుట్టి వచ్చి ఇంకొక దెబ్బ. ప్రతి చుట్టుకూ ప్రతినాయకుడు లూథర్ ఒంటిమీద ఉన్న, బ్రెయినియాక్ అనే యంత్ర శత్రువు భాగాలు ఊడిపోతాయి. గీసినవారు మరే శక్తినీ ఆ నిమిషంలోకి రానివ్వలేదు, చట్రంలో ఒక్క గీత మాత్రమే పరుగెడుతుంది. ఆ వేగానికి అతను తన వేగానికి మూలమైన స్పీడ్ ఫోర్స్ అనే శక్తిలోకి జారిపోతాడు. బృందం చేయి అందించి వెనక్కి లాగుతుంది, ఇంకెప్పుడూ అంత వేగంగా పరుగెత్తలేనని అతను చెబుతాడు. స్పీడ్ ఫోర్స్ అంటే ఏమిటో కామిక్స్ చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు, చదవనివారికి ఆ చేతులు చాలు. ఇద్దరినీ ఒకే సన్నివేశంతో తృప్తిపరచడం ఎంత కష్టమో నేను రోజూ బల్ల దగ్గర అనుభవిస్తున్నాను.

పీలేరు మలిచూపు (పీలేరు)

అందరూ పెద్ద వీరుల గురించి రాశారు, నేను చిన్నవారి గురించి నాలుగు మాటలు రాస్తాను. జస్టిస్ లీగ్ అన్‌లిమిటెడ్‌లో బృందం ఏడుగురి నుంచి పదుల సంఖ్యకు పెరిగింది. అంతమందిని నింపితే తెర మీద జాతర అవుతుందని నేను భయపడ్డాను. అయితే 2004లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో లీగ్ అంతా మోర్‌డ్రూ అనే మాంత్రికుడితో పోరాడుతూ ఉంటే, ఆ పోరాటాన్ని మనకు సరిగా చూపరు. జనాన్ని అదుపు చేసే పని అప్పగించిన బూస్టర్ గోల్డ్ వెంటే కథ నడుస్తుంది. అతను వెనక వీధులలో అంతకంటే పెద్ద ప్రమాదాన్ని ఆపుతాడు, ఎవరికీ తెలియదు, పైగా చివాట్లు తింటాడు. కామిక్స్‌లో మూడో వరుసలో నిలబడే పాత్రను ప్రేమించే పాఠకులు నాలాంటివారు ఎందరో ఉన్నారు. మా వీరుడికి ఒక్క ఎపిసోడ్ ఇలా దక్కితే మాకు అది ఏళ్ళ తరబడి చాలు.

ఇంకొక హెచ్చరిక. యువ వీరుల బృందం సిరీస్ యంగ్ జస్టిస్ మొదటి, రెండవ సీజన్ల మధ్య కథలో అయిదేళ్ళు దూకుతుంది. పెరిగి పెద్దవారైన పాత్రలను, కొత్తగా చేరిన ముఖాలను ఒక్కసారిగా మన ముందు నిలబెడతారు. కామిక్స్‌కు అలవాటుపడిన నాకు, కనిపించని ఆ అయిదేళ్ళను తవ్వి తీయడం చాలా ఇష్టమైన పని అయింది. నాతో కలిసి చూసిన మా చెల్లెలు మాత్రం మూడవ ఎపిసోడ్‌తో మానేసింది. మీ గదిలో కామిక్స్ చదవనివారు కూడా ఉంటే దానితో మాత్రం మొదలుపెట్టవద్దు.

బాలాజీ కాలనీ పాఠకుడు (తిరుపతి)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. టీచర్ గారి సమాధానం చదివాక స్టార్‌క్రాస్డ్ మళ్ళీ చూశాను. హాక్‌గర్ల్ తప్పుకొని వెళ్ళే చోట నాకు మొదటిసారి తట్టింది: ఆమె స్థానంలో ఆక్వామ్యాన్ ఉండి ఉంటే ఈ కథకు చోటే లేదు. నేను పోగొట్టుకున్నాననుకున్న పాత్రకు బదులుగా ఏమి దొరికిందో ఇన్నేళ్ళకు లెక్క తేలింది.

పుత్తూరు అన్నా, మీ ఉత్సవం పోలిక మా వాళ్ళందరికీ చదివి వినిపించాను. మాలో ఇద్దరు మీ వైపు, ముగ్గురు స్టోరీబోర్డ్ మిత్రుడి వైపు నిలబడి రాత్రి పదకొండు దాకా వాదించుకున్నారు. కాబట్టి మొదటి ఆదివారం డార్క్ ఫీనిక్స్ నాలుగు భాగాలే చూస్తాము. 1980 నాటి ఆఖరి సంచిక పునర్ముద్రణ ఒకటి నా దగ్గర ఉంది. ఒక్క సంశయం మిగిలింది: సంచికను ముందు చదివించి తరువాత చూపించాలా, చూపించిన తరువాత చదివించాలా? మా అక్క కూతురు ఎనిమిదో తరగతి, తనూ వస్తానంటోంది. తను ఈ కథ ఏ రూపంలోనూ చూడలేదు.

కట్టమంచి టీచర్ (చిత్తూరు)

ముందు చూపించండి. మూలం ముందు చదివితే పాప జీన్ లేచే క్షణంలో సంతోషించలేదు, తప్పు వెతుకుతుంది. చూసిన తరువాత సంచిక ఇస్తే, తను సంతోషించిన ఆ చోటే పుస్తకంలో ఏమి జరిగిందో చదివి ఆగిపోతుంది. అప్పుడు ఏది సరైనదని తనని అడగవద్దు. ఆ ఇద్దరు స్కాట్‌లలో మరుసటి ఉదయం ఎవరు ఎలా లేస్తారో చెప్పమని అడగండి. పుత్తూరు తమ్ముడికి, తిరుపతి అబ్బాయికి ఇద్దరికీ కావలసిన జవాబు అక్కడ దొరకవచ్చు. చిత్తూరు నుంచి ఉదయం బస్సుకు బయలుదేరి నేనూ వస్తాను. మా ఇంట్లో ఉన్న టెర్రా సంచికలు కూడా తెస్తున్నాను, రెండవ నెలకు పనికివస్తాయి.

పుత్తూరు రాత్రిచూపరి (పుత్తూరు)

నేనూ వస్తున్నాను టీచర్ గారూ. ఆ నాలుగవ భాగం నేను చూసి చాలా ఏళ్ళయింది. స్టోరీబోర్డ్ మిత్రుడు ఆపి ఆపి చూశానన్న సన్నివేశాన్ని ఆ రోజు అలాగే ఆపి చూపిస్తే, నా మాట మార్చుకోవలసినది ఏమైనా ఉందేమో నిజాయితీగా చూస్తాను.